ట్రస్టు వద్దు, మెషిను వద్దు: వినికిడి పరిశోధనకు 40 లక్షలు ఎలా ఇవ్వాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ మనవడికి తొమ్మిదేళ్లు, చెన్నై అన్నానగర్‌లో ఇంగ్లిష్ మీడియం. ఆడియోగ్రామ్, అంటే మామూలు చెవి పరీక్ష, నార్మల్ అని వచ్చింది. అయినా క్లాసులో టీచరు చెప్పింది సగమే పట్టుకుంటాడు, ఇంట్లో టీవీ నడుస్తుంటే ఏం చెప్పినా "ఆఁ? ఏంటి?" అంటాడు. రెండేళ్లు తిరిగాక ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ (ఏపీడీ), అంటే చెవి విన్నదాన్ని మెదడు సరిగ్గా విడదీసుకోలేకపోవడం, అని తేల్చారు. మీ నాన్నగారి పేరు మీద దాచిన 40 లక్షలు దీని పరిశోధనకే ఇవ్వాలని మీ కోరిక. డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు కూడా కొంత కలుపుతానన్నాడు. మీ అబ్బాయి కంపెనీ సీఎస్సార్ డబ్బు (సమాజసేవకు కంపెనీలు ఇచ్చే నిధి) కూడా అడిగి చూద్దామంటున్నాడు. ట్రస్టు పెట్టి ఏటా వడ్డీ ఇవ్వాలా, ఏదైనా ఆసుపత్రికి మెషిను కొనివ్వాలా, ఏదో ఒక సంస్థకు మొత్తం ఇచ్చేయాలా అన్నది మీ సందేహం.

నాది నెల్లూరు. మైసూరులో చదువుకున్నాను. మద్రాసులో ముప్ఫై ఏళ్లకు పైగా ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి పరీక్షల నిపుణురాలిగా, పనిచేసి రిటైరయ్యాను. తర్వాత ఎనిమిదేళ్లు ఒక కుటుంబ ట్రస్టుకు వచ్చే పరిశోధన దరఖాస్తులు చదివి, ఇవ్వొచ్చో వద్దో చెప్పే పని చేశాను. ముందు డబ్బులు అడిగేవాళ్లలో ఉన్నాను, తర్వాత ఇచ్చేవాళ్లలో ఉన్నాను. రెండు చోట్లా చేసిన తప్పులున్నాయి కాబట్టి కాస్త ధైర్యంగానే చెబుతున్నాను: ట్రస్టు పెట్టకండి. మెషిను కొనకండి. ఆ 40 లక్షలూ మూడు నాలుగేళ్లలో పూర్తిగా ఖర్చయ్యేలా ఒకే ఒక్క పనికి ఇవ్వండి. ఆ పని, తెలుగు పిల్లలకు తెలుగులో ఏపీడీ పరీక్షలు తయారు చేయడం.

ఇంత చిన్న పనికా అనిపిస్తుంది. ఎందుకంటున్నానో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

మామూలు చెవి పరీక్ష సౌండ్‌ప్రూఫ్ గదిలో ఒక్కో స్వరం సన్నగా వినిపించి, వినబడితే వేలెత్తమంటుంది. అది చెవి సంగతి చెబుతుంది. చెవి నుంచి సుమారు 30 వేల పోగులున్న శ్రవణ నాడి ద్వారా మెదడుకు వెళ్లిన శబ్దాన్ని మజిలీ మజిలీకీ విడదీసి, పోల్చి, పనికిరానిది పక్కకు తోసే వ్యవహారం వేరే ఉంది. ఉదాహరణకు ఒక పక్క నుంచి వచ్చిన మాట రెండు చెవులకూ చేరడంలో తేడా ఒక మిల్లీసెకను కూడా ఉండదు. ఆ కాస్త తేడాతోనే మెదడు కోయంబేడు మార్కెట్టు గోలలో మన పక్కనున్న మనిషి గొంతును వేరు చేసి వినగలుగుతుంది. అది సరిగ్గా జరగని పిల్లవాడు నిశ్శబ్ద గదిలో అన్ని స్వరాలకూ వేలెత్తుతాడు. ముప్ఫై ఐదు మంది పిల్లలు, మూడు ఫ్యాన్లు, కిటికీ అవతల బస్సు స్టాపు ఉన్న క్లాసులో మాత్రం మునిగిపోతాడు. మీరు "జబ్బు" అని రాశారు. నేనైతే ఆ మాట వాడను, ముఖ్యంగా పిల్లవాడి ముందు.

దీన్ని పట్టుకునే పరీక్షలు 1950ల నుంచీ ఉన్నాయి. 1954లో ఇటలీలో బొక్కా బృందం మెదడు పక్క భాగమైన టెంపోరల్ లోబ్‌లో కణితి ఉన్న రోగులకు మామూలు పరీక్షల్లో ఏ తేడా కనబడక, మాటల్లోని పై ఫ్రీక్వెన్సీలు కోసేసి వినిపించింది. అప్పుడు తేడా బయటపడింది. 1961లో కెనడాలో డోరీన్ కిమురా రెండు చెవుల్లో ఒకేసారి వేర్వేరు అంకెలు వినిపించే పద్ధతితో ప్రసిద్ధమైన పని చేశారు. ఆ పద్ధతికి పిల్లల క్లినిక్కుల్లో ఇవాళ ఎక్కువగా కనబడే రూపం అమెరికాలో ఫ్రాంక్ మ్యూజియెక్ 1983లో ప్రచురించిన డైకాటిక్ డిజిట్స్ పరీక్ష. మీ మనవడికి ఇది చేసే ఉంటారు. హెడ్‌ఫోన్లో కుడి చెవిలో రెండు అంకెలు, ఎడమ చెవిలో రెండు అంకెలు ఒకేసారి పడతాయి. నాలుగూ చెప్పాలి.

అసలు మెలిక ఇక్కడుంది. ఆ ఇంగ్లిష్ పరీక్షలో 1 నుంచి 10 దాకా అంకెలున్నాయి గానీ 7 లేదు. ఎందుకంటే ఇంగ్లిష్‌లో మిగతావన్నీ ఒక్క పలుకు, "సెవెన్" ఒక్కటే రెండు పలుకులు. ఒక చెవిలో మాట ముందే అయిపోయి రెండో చెవిలో సాగుతుంటే పరీక్ష చెడిపోతుంది. ఇప్పుడు దీన్ని తెలుగులోకి తీసుకురండి. ఒకటి, నాలుగు, తొమ్మిది మూడేసి అక్షరాలు. ఎనిమిది నాలుగు. మిగిలేవి రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు, పది. ఇంగ్లిష్ వాళ్లు బయటికి పంపిన ఏడు మన దగ్గర లోపలికి వచ్చి కూర్చుంటుంది! అయినా పని అయిపోలేదు. "పది" పొట్టిగా తెగుతుంది, "మూడు" దీర్ఘంతో సాగుతుంది. ఐదును "అయిదు" అనేవాళ్లు మన ఇళ్లలోనే బోలెడుమంది. ఏ రెండు మాటలు జత చేయాలి, రికార్డింగులో వాటి మొదలూ చివరా ఎలా కలపాలి, నెల్లూరు పిల్లకూ శ్రీకాకుళం పిల్లకూ ఒకేలా పనిచేస్తుందా అన్నవి కూర్చుని చేయాల్సిన పనులు. అనువాదంతో తేలేవి కావు.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ ఊరిస్తుంటుంది. ఏపీడీలో ఒక భాగం, శబ్దాల మధ్య చిన్న చిన్న కాలవ్యవధుల్ని పట్టుకోవడం. రొద మధ్యలో ఎంత చిన్న ఖాళీని గుర్తిస్తారో చూసే పరీక్షలో మామూలు వాళ్లు దాదాపు 5 మిల్లీసెకన్ల దగ్గర పట్టేస్తారు. తెలుగులో కాలమే అర్థాన్ని మార్చేస్తుంది. పడు, పాడు. గుడి, గుడ్డి. హ్రస్వానికీ దీర్ఘానికీ, ఒంటి హల్లుకూ ద్విత్వానికీ మధ్య ఉండేది ప్రధానంగా పదుల మిల్లీసెకన్ల తేడా. ఇంగ్లిష్ మాటలో ద్విత్వానికి ఈ పని లేదు. అంటే తెలుగు పిల్లల్లో ఈ సామర్థ్యాన్ని కొలవడానికి మన భాషే ఒక కొలబద్ద ఇస్తోంది. దాన్ని ఎవరైనా పద్ధతిగా వాడి చూడాలని నా ఆశ. ఇది నా అభిప్రాయమే, రుజువైన విషయం కాదు. రుజువు చేయడానికే కదా మీ డబ్బు.

మాటలు రికార్డు చేస్తే సగం పని. మిగతా సగం నార్మ్స్, అంటే ఏ వయసు పిల్లలకు ఎంత స్కోరు మామూలో తెలిపే పట్టిక. చిన్నపిల్లల్లో కుడి చెవి స్కోరు ఎక్కువగా, ఎడమ చెవి స్కోరు తక్కువగా ఉండటం సహజం. పదకొండు, పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ తేడా తగ్గిపోతుంది. అందుకే ఏడో ఏడు నుంచి ఏడాదికొక పట్టిక కావాలి. ఒక్కో వయసుకు పదుల సంఖ్యలో మామూలుగా చదువుకునే పిల్లల్ని బళ్లలోనే కూర్చోబెట్టి పరీక్షించాలి. ఎవరికీ ఫొటో రాని పని, రిబ్బన్ కత్తిరించడానికి లేని పని. అందుకే దీనికి దాతలు దొరకరు.

దేశంలో ఈ దారి వేసినవాళ్లు లేకపోలేదు. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్‌లో ఆశా యతిరాజ్ గారు, వారి విద్యార్థులు టీచర్లు నింపే స్క్రీనింగ్ చెక్‌లిస్టునూ, బళ్లలో చేయగల స్క్రీనింగ్ టెస్టునూ తయారు చేశారు. ఎమ్మెస్సీ విద్యార్థులు డిసర్టేషన్ కోసం మన భాషల్లో చేసిన రికార్డింగులూ అక్కడక్కడా ఉంటాయి. విద్యార్థి పాసై వెళ్లిపోతాడు, రికార్డింగు హార్డ్ డిస్కులో ఉండిపోతుంది. నా ప్రాక్టీసు రోజుల్లో ఒక తెలుగు మాటల జాబితా కోసం ముగ్గురికి ఫోన్లు చేసి, చివరికి ఫొటోకాపీ తెప్పించుకున్నాను. ఆడియో దొరకనే లేదు.

దాని పర్యవసానం ఒక్కటి చెబుతాను. షావుకారుపేట నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, పదేళ్లవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్లో ఇంగ్లిష్. వేరే చోట ఇంగ్లిష్ వాక్యాలతో గోలలో పరీక్ష చేసి ఏపీడీ అని రాసిచ్చారు. నా దగ్గరున్న ట్రైనీ అమ్మాయిది చిత్తూరు. ఆమె చేత తెలుగు వాక్యాలు చెప్పించి అదే గోల కలిపి వినిపిస్తే, దాదాపు అన్నీ తిరిగి చెప్పేశాడు. వాడికి రానిది ఇంగ్లిష్. నా పద్ధతి శాస్త్రీయం కాదని నాకూ తెలుసు, నార్మ్స్ లేని పరీక్షతో ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వలేం. కానీ ఏడాదిగా వాడి మీద వేసిన ముద్ర అలా ఊడిపోయింది. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. "ఇంగ్లిష్ రాదు కాబట్టి వినడు" అని వదిలేసిన పిల్లల్లో నిజంగా ఏపీడీ ఉన్నవాళ్లుంటారు. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక బడి పిల్లలకు తమిళం తప్పనిసరి అయింది, మన పిల్లల బుర్రలో మూడు భాషలు ఒకేసారి నడుస్తున్నాయి. చెన్నై తెలుగు పిల్లవాడికి ఏ భాషలో పరీక్ష చేయాలన్నదే ఒక పరిశోధన.

ఇప్పుడు చేదు మాట. ఏపీడీ అనేది విడిగా ఉందా, లేక శ్రద్ధ, జ్ఞాపకం, భాష సమస్యలే ఈ వేషంలో కనబడుతున్నాయా అని నిపుణుల మధ్యే తగువు ఉంది. 2010లో బ్రిటన్‌లో డేవిడ్ మూర్ బృందం 6 నుంచి 11 ఏళ్ల 1,469 మంది పిల్లల్ని పరీక్షించి, వినడంలో కష్టానికి శబ్దాన్ని గ్రహించే శక్తి కన్నా శ్రద్ధ నిలకడ లేకపోవడమే ఎక్కువ సంబంధం చూపిందని రాసింది. దాని మీద చాలా మంది మండిపడ్డారు. నేను మొదట మండిపడిన వాళ్లలోనే ఉన్నాను, తర్వాత తగ్గాను. అమెరికాలో వాడే ఐసీడీ-10 జబ్బుల కోడ్లలో దీనికి హెచ్93.25 అని చోటుంది. మానసిక వైద్యుల జాబితా డీఎస్ఎం-5లో లేదు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు చేర్చారు. నేర్చుకోవడంలో ఇబ్బందులకు అందులో చోటుంది, ఏపీడీకి లేదు. జాబితాలో లేనిదానికి సర్టిఫికెట్ ఉండదు. సర్టిఫికెట్ లేకపోతే లెక్క ఉండదు, లెక్క లేని చోటికి ప్రభుత్వ పథకం రాదు. అందుకే ఇలాంటి విషయానికి మొదటి డబ్బు మీలాంటి వాళ్ల దగ్గర నుంచే రావాలి.

కాబట్టి ఏ ప్రపోజల్ వచ్చినా ఒక ప్రశ్న అడగండి: ఈ పిల్లలకు శ్రద్ధ, వర్కింగ్ మెమరీ (విన్నదాన్ని కాసేపు మనసులో పట్టుకునే జ్ఞాపకం), భాష కూడా కొలుస్తున్నారా? కొలవకపోతే పంపేయండి. అలాగే "మా కంప్యూటర్ గేమ్ పన్నెండు వారాలు ఆడితే నయం" అనేవాళ్లు తప్పకుండా మీ తలుపు తడతారు. 1990లలో అమెరికాలో ఫాస్ట్ ఫర్‌వర్డ్ అనే ప్రోగ్రాం మీద ఇలాగే ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. 2011లో మంచి ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన సమీక్షలో అది పిల్లల భాషనూ చదువునూ మెరుగుపరిచిందన్న ఆధారం దొరకలేదు. ట్రైనింగ్ అంతా బూటకమని కాదు. ఆస్ట్రేలియా నేషనల్ అకూస్టిక్ లేబొరేటరీస్‌లో కామెరన్, డిల్లన్ ముందు ఒక పరీక్ష తయారు చేశారు. గొంతులు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో ఆ తేడాను వాడుకోలేని పిల్లలెవరో అది చూపిస్తుంది. ఆ లోపానికే సరిపోయే శిక్షణను ఆ తర్వాత చేశారు. ముందు కొలత, తర్వాత మందు. మనం ఇంకా కొలత దగ్గరే ఉన్నాం.

మెషిను ఎందుకు వద్దన్నానంటే, అది నా తప్పే. మా ట్రస్టు మొదటి ఏడాది ఒక ఆసుపత్రికి మెదడు స్పందనలు రికార్డు చేసే పరికరం కొనిచ్చింది, నా సిఫార్సు మీదే. ప్రారంభానికి పూలదండలు, పలక, ఫొటోలు. ఏడాదిన్నర తర్వాత వెళ్లి చూస్తే దాని మీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద దుమ్ము. నడిపే అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది, ఆ పోస్టు నింపలేదు, కాలిబ్రేషన్‌కు, అంటే కొలత సరిచూడటానికి, బడ్జెట్టు లేదు. డబ్బు సరిగ్గా వాడామని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మాత్రం టైముకు వచ్చింది, సంతకాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అప్పటి నుంచి నేను మెషినుకు కాదు, మనిషికి డబ్బివ్వమంటాను.

మనిషి ఖర్చెంతో చూడండి. కేంద్రం 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37 వేలు, సీనియర్‌కు 42 వేలు చేసింది. చెన్నైలో ఇంటి అద్దె భత్యం కలిపితే జూనియర్‌కు సుమారు 47, 48 వేలు. మూడేళ్లకు ఒక ఫెలోకు 18 లక్షలు వేసుకోండి. ఇప్పుడు ట్రస్టు లెక్క. 40 లక్షలు 7 శాతం మీద డిపాజిట్ చేస్తే ఏడాదికి 2 లక్షల 80 వేలు. అందులో ఆడిటరు ఫీజు, రిటర్నులు. మిగిలినదానితో ఒక ఫెలోకు ఆరు నెలల జీతమూ సరిగ్గా రాదు. పైగా ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఏటా ఖర్చు చూపించాలి కాబట్టి, మార్చి నెల రాగానే ఎవరికో ఒకరికి ఇచ్చేయాలన్న తొందర. అలా ఇచ్చిన చిన్న చిన్న మొత్తాలు సెమినార్లకూ బ్యానర్లకూ పోవడం నేను చూశాను.

నాన్నగారి పేరు శాశ్వతంగా ఉండాలని ట్రస్టు ఆలోచన వచ్చిందని అర్థమైంది. తయారయ్యే పరీక్షకే ఆయన పేరు పెట్టించండి. వరంగల్‌లో ఒక ఆడియాలజిస్టు రిపోర్టులో ఆ పేరు రాస్తుంది.

మీ తమ్ముడి డబ్బు సంగతి. ఆయన ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉంటే పెద్ద చిక్కు లేదు. ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో (భారత సంతతి విదేశీయులకు ఇచ్చేది) ఉంటే మాత్రం చట్టం దృష్టిలో విదేశీ దాతే. అప్పుడు తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ, ఆ చట్టం నుంచి మినహాయింపు గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత రిజిస్టరైన సంస్థ ఆ డబ్బును ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే తీసుకోవాలి, దాన్ని ఇంకో సంస్థకు బదలాయించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. మీరు కొత్తగా ట్రస్టు పెడితే దానికి ఈ రిజిస్ట్రేషన్ రావడానికి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు అసలు పనికి ఖర్చయి ఉండాలి. "అక్క ఖాతాకు పంపేస్తే అక్క ఇస్తుందిలే" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. బంధువులకు పంపే ఆ వెసులుబాటును విరాళానికి దొడ్డిదారిగా వాడకండి. రేపు నోటీసు వస్తే ఇబ్బంది పడేది పిల్లల్ని పరీక్షించే సంస్థ.

ఆయన అక్కడే ఇచ్చేసినా నష్టం లేదు. 1958లో డెఫ్‌నెస్ రీసెర్చ్ ఫౌండేషన్‌గా మొదలై ఇప్పుడు హియరింగ్ హెల్త్ ఫౌండేషన్ అనే పేరుతో నడుస్తున్న సంస్థ అక్కడ ఉంది. కెరీర్ మొదట్లో ఉన్న పరిశోధకులకు చిన్న గ్రాంట్లు ఇస్తుంది. అందులో ఏపీడీకి విడిగా గ్రాంట్లున్నాయి, వాటికి డబ్బిస్తూ వచ్చింది రాయల్ ఆర్చ్ మేసన్లనే సోదర సంఘం. మన ఎగ్మూరులో మేసన్ల హాలు చూసే ఉంటారు, ఆ తెగవాళ్లే. వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. ఏటా ఒకే విషయం, చిన్న మొత్తం, కొత్త పరిశోధకుడు. ఆ డబ్బుతో మొదటి ఫలితాలు తెచ్చుకున్నవాడు వాటిని చూపించి పెద్ద ప్రభుత్వ గ్రాంటు అడగగలడు. మీ 40 లక్షలూ అదే పని చేయాలి.

మన దగ్గర మెదడు పరిశోధనకు పెద్ద దానాలు లేవని కాదు. బెంగళూరు ఐఐఎస్సీలో సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌కు క్రిస్ గోపాలకృష్ణన్ గారి ప్రతీక్ష ట్రస్టు 225 కోట్లు ప్రకటించింది. 2023లో రోహిణీ నీలేకని గారు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌ల ఉమ్మడి కేంద్రానికి 100 కోట్లు ప్రకటించారు. మొదటిది ముసలితనంలో మెదడుకు వచ్చే మార్పుల మీద, రెండోది స్కిజోఫ్రీనియా లాంటి మానసిక వ్యాధుల మీద. అవన్నీ కావలసినవే. ఆ లెక్కల పక్కన మీ మొత్తాన్ని పెట్టుకుని చిన్నబుచ్చుకోకండి. నార్మ్స్ పనికి కోట్లు అక్కర్లేదు.

సీఎస్సార్ గురించి రెండు ముక్కలే. కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇవ్వాలి. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థలకు ఇవ్వడానికి ఆ చట్టం షెడ్యూల్ 7లో వీలుంది. కానీ వాళ్లకు మార్చి 31 లోపు చూపించడానికి ఏదో ఒకటి కావాలి, పరిశోధనకు మార్చి 31 తెలియదు. మీ అబ్బాయిని బళ్లలో టీచరు మెడలో వేసుకునే, ఆమె గొంతును నేరుగా పిల్లవాడి చెవికి చేర్చే రిమోట్ మైకుల కోసం అడగమనండి. అది లెక్క చూపడానికి బాగుంటుంది, పిల్లలకూ పనికొస్తుంది.

ఇక ఎవరికి ఇవ్వాలి. చెన్నై పోరూరులో శ్రీరామచంద్ర వైద్య సంస్థలో ఆడియాలజీ విభాగం ఉంది. బెంగళూరులో డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ ఇన్‌స్టిట్యూట్, నిమ్హాన్స్‌లో స్పీచ్, ఆడియాలజీ విభాగం. మైసూరు సంగతి ముందే చెప్పాను. ఇప్పుడు చెన్నై నుంచి వందేభారత్ ఉంది, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు, వెళ్లి మాట్లాడి రండి. తెలుగు పిల్లలు వేలల్లో కావాలంటే సికింద్రాబాదులో వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. నా ఊహలో మంచి ఏర్పాటు, ఇక్కడో మైసూరులోనో ఒక ప్రధాన పరిశోధకుడు, సికింద్రాబాదులో ఒక భాగస్వామి. భవనాన్ని చూడకండి, మనిషిని చూడండి. ఇంకా ఐదేళ్లయినా అక్కడే ఉండే మనిషా? సొంతంగా పిల్లల్ని పరీక్షిస్తారా, పేరు పెట్టి వదిలేస్తారా? తెలుగు వచ్చా? మీరు అడిగిన ప్రశ్నకు "తెలియదు మేడమ్, కనుక్కుని చెబుతాను" అన్నారా? అలా అన్నవాళ్లకు నేను మార్కులు ఎక్కువ వేసేదాన్ని.

ఒప్పందం ఎంఓయూగా రాసుకోండి, డబ్బు నాలుగు విడతలు. మొదటి విడత సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే. వైద్య పరిశోధన మండలి ఐసీఎమ్మార్ 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సంతకం ఒక్కటీ చాలదు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల దగ్గర నోటి మాటగా, ఆపై వయసు వాళ్ల దగ్గర రాతలో ఒప్పుదల తీసుకోవాలి. సంస్థలు ఓవర్‌హెడ్ (ఆఫీసు, కరెంటు లాంటి ఖర్చులు) కింద 10, 15, ఒక్కోసారి 20 శాతం అడుగుతాయి, బేరం ఆడొచ్చు, సిగ్గుపడకండి. బడ్జెట్టులో పిల్లల ఆటో ఖర్చు, టిఫిను ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ ప్రపోజల్ రాసినవాళ్లు పిల్లల్ని ఎప్పుడూ పిలిపించి చూడలేదన్నమాట. పోర్టబుల్ ఆడియోమీటరు కొంటే దాని కాలిబ్రేషన్ ఖర్చూ రాయించండి, నా అనుభవం చాలు. చివరి విడత, కనీసం 5 లక్షలు, మీ చేతిలోనే ఉంచుకోండి. తెలుగు రికార్డింగులు, పట్టికలు, మాన్యువల్ ఏ ఆడియాలజిస్టయినా ఉచితంగా దించుకునేలా పెట్టిన రోజే అది విడుదల కావాలి. ఈ ఒక్క షరతు మీద మాత్రం తగ్గకండి. వాళ్లు పేటెంటు అంటారు, కాపీరైటు అంటారు, వినండి, నవ్వండి, తగ్గకండి.

పన్ను గురించి మీ ఆడిటరును అడగండి. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే విరాళాలకిచ్చే 80జీ మినహాయింపు రాదు. పాత విధానంలోనూ 2 వేలు దాటిన నగదుకు రాదు, చెక్కో బ్యాంకు బదిలీయో చేయండి. 2025 నాటి కొత్త ఆదాయపన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, సెక్షన్ల నంబర్లు అందులో వేరు.

మీ మనవడిని ఈ ప్రాజెక్టుకు ముఖచిత్రం చేయొద్దు. బ్రోషర్లో ఫొటో, ప్రారంభోత్సవంలో మైకు ముందు నిలబెట్టడం ఏదీ వద్దు. వాడికి కావలసింది వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లాసులో గోల 35 డెసిబెల్స్ దాటొద్దంటుంది. టీచరు గొంతు గోల కన్నా 15 డెసిబెల్స్ పైన ఉంటే పిల్లలకు బాగా అర్థమవుతుందని నిపుణుల సలహా. చెన్నై బళ్లలో 35 అంటే ఆదివారం రాత్రే సాధ్యం. అందుకే రిమోట్ మైకు. కిటికీకి దూరంగా, టీచరు మొహం కనబడే బెంచీ. చెప్పింది మళ్లీ చెప్పమని అడిగితే విసుక్కోని టీచరు. ఈ మూడూ ఈ వారమే అడగొచ్చు, పరిశోధన కోసం ఆగక్కర్లేదు.

ఒక పని చేయండి. వాడి రిపోర్టు తీసి, డైకాటిక్ పరీక్ష, గోలలో మాటల పరీక్ష ఏ భాషలో చేశారో, ఏ దేశం నార్మ్స్‌తో పోల్చారో చూడండి. మామూలుగా చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది రాస్తే, మళ్లీ పరీక్ష చేయించాలో అక్కర్లేదో చెబుతాను.